ఒక్కమారు చెప్పిన చాలును

ఇంటిలో అద్దము పగిలినదనుకొందము. ఎవరు పగులగొట్టిరని తండ్రి యడుగును. పిమ్మట తాతగారు, ఆపై మేనత్త. మూడవ మారునకు పసివాడు మాట మార్చును. అబద్ధమాడవలెనని కాదు. పెద్దలు మరల నడుగుచున్నారు గనుక తాను మొదట చెప్పినది తప్పు కాబోలునని వాని భయము. అద్దము విషయమున దీనివలన గొప్ప నష్టము లేదు. కాని పెద్దవారి చేతులలో అత్యాచారమునకు గురియైన బిడ్డ విషయమున నిదియే చాలకాలము న్యాయమునకు అడ్డుగోడయై నిలిచినది.

అమెరికాలోని అలబామా రాష్ట్రమున హంట్స్‌విల్ అను నగరము కలదు. అచ్చట 1980 తరువాతి సంవత్సరములలో బడ్ క్రేమర్ అను నాతడు ప్రభుత్వపక్షమున నేరవిచారణలు నడపు న్యాయవాదిగా నుండెను. బాధపడిన బిడ్డ తన కథను పోలీసుల కొకమారు, వైద్యుల కొకమారు, శిశుసంక్షేమ శాఖవారి కొకమారు, తుదకు న్యాయస్థానమున నింకొకమారు చెప్పవలసి వచ్చుచుండెను. ఒకరు వ్రాసికొన్నది మరియొకరికి తెలియదు. చెప్పిన ప్రతిమారును గాయము రేగును; మాటలలో నే చిన్న తేడా వచ్చినను ప్రతిపక్షమువారు దానినే పట్టుకొందురు.

1985లో క్రేమరు, ఆయన సహచరులు కలిసి అచ్చట నొక కేంద్రమును నెలకొల్పిరి. కచేరీని కాక ఇంటిని తలపించు చోటది. బిడ్డను అధికారుల చుట్టు త్రిప్పుటకు మారుగా అధికారులే బిడ్డ యున్న చోటికి రావలెననునదే వారి ఉపాయము. శిక్షణ పొందిన యొక్కరు మాత్రమే బిడ్డతో మాటాడుదురు. తక్కినవారు వేరొక గదినుండి విందురు. ప్రశ్నలో జవాబు ఇమిడి యుండరాదు. "వాడు నిన్ను కొట్టినాడు గదా?" అనరాదు. "ఏమి జరిగినదో చెప్పు తల్లీ" అని యూరకుండవలెను. ఊరకుండుటయే కష్టమని పిల్లలు గల మన మందర మెరుగుదుము. నే డా దేశమున నిట్టి కేంద్రములు 900కు పైగా నున్నవి.

మన దేశమున 2004లో సుప్రీంకోర్టు, సాక్ష్యమిచ్చు బిడ్డకు నిందితుడు కనబడకుండ తెర కట్టవలెనని ఆదేశించెను. 2012లో వచ్చిన పోక్సో చట్టము ఇంకను ముందునకు పోయినది. బిడ్డ వాఙ్మూలమును ఇంటివద్దనే, సాధ్యమైనంతవరకు స్త్రీ యధికారి, పోలీసు దుస్తులు ధరింపక వ్రాసికొనవలెను. బిడ్డను మాటిమాటికి న్యాయస్థానమునకు పిలువరాదు. హైదరాబాదులో 2016లో పోలీసు శాఖ నెలకొల్పిన 'భరోసా' కేంద్రమున పోలీసు సహాయము, వైద్యము, ఓదార్పు, న్యాయసలహా ఒక్క కప్పు క్రింద లభించుచున్నవి. 2018లో ఆ కేంద్రముననే పిల్లలకు భయము గొలుపని న్యాయస్థానము కూడ వెలసినది.

అయినను కాలహరణమను పాత జబ్బు వదలలేదు. విచారణ సాధ్యమైనంతవరకు ఒక్క సంవత్సరములో ముగియవలెనని చట్టము చెప్పుచున్నది. అనేక వ్యాజ్యములు ఆ గడువును దాటుచున్నవి. ఎనిమిదేండ్ల ప్రాయమున నోరు విప్పిన బాలిక, మరచిపోవలెనని యెంత ప్రయత్నించినను, పన్నెండవ యేట మరల ఆ దినమును తలచుకొని సాక్ష్యము చెప్పవలసి వచ్చుచున్నది.