డోర్నకల్ జంక్షన్‌లో దిగితే

మనలో చాలామందికి డోర్నకల్ అంటే కొత్తగూడెం బండి మారే జంక్షనే. నాకూ అంతే. ఒకసారి బండి ఆలస్యమైతే ఊళ్లోకి నడిచి కెథీడ్రల్ చూశాను. గుమ్మటాలు, మినార్లు, గుడి మండపంలాంటి స్తంభాలు, అన్నీ ఒకే కట్టడంలో! ఇంజనీరును కదా, ఎవరి ఆలోచనో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి వైపు తమిళుడు. 1909లో ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడు ఎడిన్‌బరో సభలో, మాకు మీ స్నేహం కావాలని తెల్ల మిషనరీలను ముఖానే అడిగారు. కొందరికది మింగుడుపడలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు.

ఆ పదవితో ఆయన ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. ఊరి బయటే ఉంచేసిన మాల, మాదిగ వాడల యువకులను చదివించి గురువులుగా అభిషేకించారు. వాళ్ల భార్యలకూ శిక్షణ ఇప్పించారు. బాప్తిస్మం పొందినవారి చేత, నెత్తిన చెయ్యి పెట్టించి, సువార్త చెబుతామని మాట తీసుకునేవారు. నిన్నటిదాకా ఎవరూ మాట వినని మనిషి ఇప్పుడు పదిమందికి చెప్పాలన్నమాట. మతమార్పిడుల విషయంలో గాంధీజీతో మాత్రం కుదరలేదు. ఆ వాదన పెద్దది, ఇక్కడ చోటు చాలదు.

కెథీడ్రల్ ప్రతిష్ఠ 1939లో జరిగింది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు.

నేను స్టేషన్‌కు తిరిగొచ్చేసరికి బండి వెళ్లిపోయింది.