పక్షి, కీటక ధ్వని పదాలు

పక్షులు, కీటకాలు చేసే చప్పుళ్లను సూచించే తెలుగు మాటలు చాలావరకు ధ్వన్యనుకరణాలు. కాకి కావుకావుమంటుంది, పిచ్చుక కిచకిచలాడుతుంది, పావురం కువకువలాడుతుంది, తుమ్మెద ఝుమ్మంటుంది. మూలధ్వనిని రెండుసార్లు పలికి ‘అను’, ‘ఆడు’ వంటి క్రియ చేర్చడం వీటి సాధారణ నిర్మాణం. ఈ తీరు వేర్వేరు భారతీయ భాషా కుటుంబాలకు ఉమ్మడిదని భాషావేత్త ఎమెనో 1969లో చూపాడు. నెమలికి క్రేంకారం, తుమ్మెదకు ఝంకారం అనే గ్రాంథిక రూపాలూ ఉన్నాయి. సంగీత శాస్త్రం నెమలి కూతను షడ్జమంతో, కోకిల స్వరాన్ని పంచమంతో పోల్చింది.

ఒకే పక్షికి ఒకటికి మించిన మాటలు ఉండటం గమనించదగ్గది. పుంజు కొక్కొరోకో అని కూస్తే, గుడ్డు పెట్టిన పెట్ట కొక్కొక్కొమని అరుస్తుంది. కుహూ అనేది మగకోయిల పాటే. ఆడకోయిల అరుపు కిక్కిక్‌మని కటువుగా ఉంటుంది. తీతువు పేరే దాని కూతను తలపిస్తుంది.

భూపాలపల్లి జిల్లా కాటారం పరిసరాల్లోని టేకు అడవుల వంటి చోట్ల పొద్దుగూకాక వినిపించేది కీచురాళ్ల రొద. రొద అనే మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది: అది ఒక్క పురుగు చప్పుడు కాదు, తెరిపి లేని గుంపు ధ్వని. మగ కీచురాయి ముందురెక్కలను ఒకదానితో ఒకటి రాస్తే ఆ కీచుమనే శబ్దం పుడుతుంది. దోమ గుయ్యిమనడం మాత్రం సెకనుకు కొన్ని వందలసార్లు కొట్టుకునే రెక్కల వల్ల.