సర్వరు పేరు అడగని కాలం దాకా: కంప్యూటరు చాట్ నడిచిన దారి

కంప్యూటరు చాట్‌కు సాధారణంగా మూడు వివరాలు కావాలి: ఏ సర్వరు, ఏ పోర్టు, ఏ పేరు. 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ ఐఆర్‌సీని (ఇంటర్నెట్ రిలే చాట్) తయారుచేసినప్పుడు ఈ మూడింటినీ వాడేవాడే నింపుకునేవాడు. తర్వాతి ముప్పై ఏళ్లలో అవి ఒక్కొక్కటిగా తెర మీంచి మాయమయ్యాయి.

మన దేశంలో మామూలు ఇంటికి ఇంటర్నెట్ అందడానికి చాలా కాలం పట్టింది. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ప్రజలకు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలో హైదరాబాదే లేదు. అప్పటి చవక రకం షెల్ ఖాతాలో బొమ్మలుండేవి కావు, అక్షరాలే. చాట్‌కు అవి చాలు.

ఆ ఏడాదే ఖాలిద్ మర్దమ్-బే విండోస్ కోసం ఎంఐఆర్‌సీ అనే ఐఆర్‌సీ ప్రోగ్రాం విడుదల చేశాడు. అప్పట్లో ముందు మోడెమ్ కూత పెట్టి లైను కలవాలి. తర్వాత జాబితాలో సర్వరును ఎంచుకుని, పోర్టు 6667 ఉందో లేదో చూసి, ముద్దుపేరు రాసి కనెక్ట్ నొక్కాలి. ఆ పేరు అప్పటికే మరొకరు వాడుతుంటే ఇంకోటి వెతుక్కోవాల్సిందే. 1996లో వచ్చిన ఐసీక్యూ ఈ తంటా తీర్చి ప్రతివారికీ ఒక నంబరిచ్చింది. స్నేహితుల్లో ఎవరు లైన్లో ఉన్నారో పక్కనే చూపించింది. 1998లో యాహూ పేజర్‌గా మొదలై మరుసటి ఏడాది యాహూ మెసెంజర్‌గా పేరు మార్చుకున్న ప్రోగ్రాంలో ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే సరిపోయేది. సర్వరు సంగతి యాహూయే చూసుకునేది.

మన దగ్గర చాట్ అంటే యాహూయే అన్నంతగా అది పాకింది. అమెరికాలో ఉన్న పిల్లలతో హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడిన తల్లిదండ్రులకు కంప్యూటరు పరిచయమైందే దానితో. నెట్ సెంటర్‌లో ప్రోగ్రాం ముందే ఎక్కించి ఉండేది. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకో అన్న గడిలో టిక్కు తీసేయడం, లేచేముందు సైన్ అవుట్ కావడం మాత్రం ఎవరికి వారు చూసుకోవాల్సిన జాగ్రత్త.

ఫ్యాక్టరీ ఆఫీసు కథ వేరు. యాహూ వాడే 5050 పోర్టును ఫైర్‌వాల్ మూసేస్తే మెసెంజర్ 80వ పోర్టు పట్టుకుని బయటపడేది. ప్రాక్సీ ఉంటే దాని చిరునామా సెట్టింగుల్లో రాయాల్సి వచ్చేది. అసలు ఇంటర్నెట్టే ఇవ్వని కంప్యూటర్లున్న చోట, అంటే స్టోర్స్‌కూ ల్యాబ్‌కూ గేటుకూ మధ్య కబురు నడవాల్సిన పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల తరహా ఆవరణల్లో, జపాన్‌లో 1996లో పుట్టిన ఐపీ మెసెంజర్‌ లాంటివి సరిగ్గా సరిపోతాయి. దానికి సర్వరే అక్కర్లేదు. 2425 పోర్టు మీద లాన్‌లోని తోటి కంప్యూటర్లను అదే పలకరించి జాబితా తయారుచేసుకుంటుంది.

తెలుగువాళ్లకు నాలుగో అవసరం ఒకటుంది: లిపి. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి 1990లలో ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగును నిక్కచ్చిగా రాయనిచ్చింది. చాట్‌లో మాత్రం జనం ఆ నియమాలేవీ పట్టించుకోకుండా తోచినట్టు కొట్టేవారు, ఇప్పటికీ కొడతారు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. కానీ ప్రాంతీయ భాషల సెట్టింగుల్లోకి వెళ్లి, సీడీ పెట్టి, సంక్లిష్ట లిపుల ఫైళ్లు ఎక్కించాల్సి వచ్చేది. అవతలివాళ్లూ అదే పని చేయకపోతే వాళ్లకు కనిపించేవి డబ్బాలే. 2006లో వీవెన్ లేఖిని వెబ్ పేజీ తెచ్చాక బ్రౌజరులో రాసి చాట్ కిటికీలో అతికించడం తేలికైంది.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్, ఆగస్టులో గూగుల్ టాక్ వచ్చాయి. గూగుల్ వాడిన ఎక్స్ఎంపీపీ అందరికీ తెరిచి ఉన్న ప్రమాణం కనుక పిడ్జిన్ లాంటి వేరే ప్రోగ్రాంలోనూ సర్వరు పేరు, 5222 పోర్టు ఇచ్చి అదే ఖాతాను నడుపుకోగలిగేవాళ్లు. వేరే సర్వర్ల వాళ్లతోనూ మాట్లాడగలిగేవాళ్లు. చాట్ చరిత్రలో వాడకందారుకు ఇంతకంటే స్వేచ్ఛ, సౌఖ్యం రెండూ కలిసి దొరికిన రోజులు లేవనే చెప్పాలి. 2006లో చాట్ జీమెయిల్ పేజీలోకే వచ్చేసింది. దాంతో చాట్ కోసం ప్రోగ్రాం ఎక్కించుకోవడం తప్పనిసరి కాకుండా పోయింది. 2013లో గూగుల్ హ్యాంగౌట్స్ వచ్చాక బయటి సర్వర్లకు తలుపు మూసుకుంది.

2015 జనవరిలో వాట్సాప్ వెబ్‌తో ఖాతా పూర్తిగా ఫోనుకు మారింది. తెర మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే చాలు. యాహూ మెసెంజర్ 2018 జులై 17న మూతపడింది. 2021లో వచ్చిన మార్పుతో ఫోను ఆపేసినా కంప్యూటరులో వాట్సాప్ నడుస్తోంది. 14 రోజులకు మించి ఫోనులో దాన్ని తెరవకపోతే మాత్రం కంప్యూటరులోనూ తెగిపోతుంది.