అక్షతలు: ఒక పదం చరిత్ర

పెళ్లిపందిట్లో అక్షతలు చల్లేవారిని ఆ మాటకు అర్థమేమిటని అడిగితే 'పసుపు కలిపిన బియ్యం' అంటారు. వ్యుత్పత్తి చెప్పే అర్థం వేరు. గాయపరచడం అనే అర్థంగల సంస్కృత ధాతువు నుంచి 'క్షతం' వచ్చింది. ప్రమాదవార్తల్లో పత్రికలు రాసే 'క్షతగాత్రులు'లో ఉన్నదీ ఇదే. 'అక్షతం' అంటే దెబ్బ తగలనిది, విరగనిది. తరగనిది అని చెప్పే 'అక్షయం' వేరొక ధాతువుకు చెందినది. రెంటినీ ఒకటిగా భావించకూడదు. కనుక అక్షతలలో ముఖ్యమైనది పసుపు కాదు, గింజ ముక్క కాకుండా ఉండటం.

సంస్కృతంలో ఇది విశేషణం. ధాన్యానికి పేరైనప్పుడు పుంలింగ బహువచనమని అమరకోశం చెబుతుంది. తెలుగులోనూ దీన్ని సాధారణంగా బహువచనంలోనే వాడతాం. వ్యవహారంలో అది 'అక్షింతలు' అయింది. ఇంత మార్పు వచ్చాక పదంలోని 'క్షత' చెవికి అందదు. ధాత్వర్థం మరుగున పడటానికి ఇదొక కారణమని మా అభిప్రాయం.

దీనికి తోడుగా మనకున్న దేశ్యపదం 'తలంబ్రాలు'. పాత తెలుగులో 'ప్రాలు' అంటే బియ్యం. 'తలన్', 'ప్రాలు' కలిసినప్పుడు ద్రుతం వల్ల పకారం బకారమై 'తలఁబ్రాలు' ఏర్పడింది. ఈ పదం గింజ పడే చోటు చెబుతుందే గాని గింజ స్థితిని చెప్పదు. ఆచారం మాత్రం ఆ స్థితిని మరవలేదు. భద్రాచల సీతారామ కల్యాణానికి గోదావరి జిల్లాల భక్తులు వడ్లను గోళ్లతో ఒలిచి 'గోటి తలంబ్రాలు' సమర్పిస్తారు. రోకటిపోటుకు కొంత బియ్యం విరుగుతుంది. గోటితో ఒలిస్తే నిండుగింజ దక్కుతుంది. మాట మరిచిన అర్థం చేతిపనిలో నిలిచింది.

విరిగిన గింజకు మన పేరు నూక. ఆయుర్దాయం తీరినవారిని గురించి 'భూమ్మీద నూకలు చెల్లాయి' అంటాం. దీవెనకు నిండుగింజ కావాలి, బతుకు లెక్కకు నూకలు చాలు. నూకలు పేదవారి దినసరి తిండి కావడం ఈ నానుడికి మూలం కావచ్చు.

ఇక పొరుగు భాషలు. కన్నడ 'అక్షతె', తమిళ 'అట్చదై', మరాఠీ 'అక్షతా' ఆకారాంత స్త్రీలింగ రూపానికి చెందినవి. తమిళంలో 'క్ష' 'ట్చ' కావడం ఆ భాష ధ్వనివ్యవస్థకు తగిన మార్పే. తెలుగు పద్మశాలీలు తరతరాలుగా స్థిరపడిన షోలాపూర్‌లో ఏటా సంక్రాంతివేళ సిద్ధేశ్వర యాత్ర జరుగుతుంది. అందులో భాగమైన ప్రతీకాత్మక వివాహానికి 'అక్షతా సోహళా' అని పేరు. అంటే అక్కడి తెలుగువారికి ఈ మాట ఇంటినుంచే కాక ఊరినుంచీ అందుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. పూర్తిగా వేరైన మాట వచ్చి తెలుగు మాటను తొలగిస్తే ఆ లోటు తెలుస్తుంది. ఒకే సంస్కృత పదానికి చెందిన పొరుగు రూపం వచ్చి చేరితే తెలియదు. బియ్యం అవే, పసుపు అదే. కాని 'పెద్దాయన అక్షింతలు వేశారు' అంటే గట్టిగా మందలించారనే అర్థం ఆ రూపంతో రాదు. ఆ పనికి తమిళులు 'అర్చన' అంటారు, కన్నడిగులు 'మంగళారతి' అంటారు. మూడు భాషలూ పూజలోని మాటనే చీవాట్లకు వాడుకొన్నాయి; అయితే ఒక్కొక్కటి ఒక్కొక్క ఉపచారాన్ని ఎంచుకొంది. ఆ ఎంపికలోనే ఆయా భాషల సొంతదనం కనిపిస్తుంది.

అందువల్ల ఇతర రాష్ట్రాల తెలుగువారి పలుకుబడిని సేకరించేవారు పదాల పట్టికతో ఆగకూడదు. 'అక్షతలు: పసుపు బియ్యం' అని రాసుకొంటే సగం పనే అవుతుంది. ఆ ఇంట్లో ఆ మాటతో దీవించడమేనా, మందలించడం కూడా ఉందా అని అడగాలి. రెండూ ఉన్నచోట ఆ మాట ఇంకా అక్షతంగా ఉన్నట్లే.