బంగారు వన్నె మాసిన మందు

ఆషాఢంలో సికింద్రాబాద్ జనరల్ బజార్ అంతా బోనాలే. తల మీద కుండ, కుండకు పసుపు కుంకుమ, చుట్టూ వేపమండలు, పైన దీపం. ఆ వేపమండల వెనక ఒక పాత భయం ఉంది. 1813లో జంటనగరాల్లో గత్తర, అంటే కలరా, లేచి ఇళ్లకు ఇళ్లు ఖాళీ అయ్యాయట. అప్పుడు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే ఫౌజు డోలీ బోయీ, తన ఊరు బతికి బట్టకడితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని మొక్కుకున్నాడట. 1815లో కట్టె విగ్రహం తెచ్చి ఇక్కడ నిలిపాడట. ఉజ్జయిని మహంకాళి గుడి గురించి ఊరు చెప్పుకునే కథ ఇది. గత్తరకు మొక్కు తప్ప మరో దిక్కు లేని రోజులవి.

మందుగా ఒక దిక్కు దొరకడానికి ఇంకో నూట ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. దొరికినప్పుడు దాని రంగు కూడా పసుపే.

ఆ మందు కథలో మనవాడొకడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో సంగ్రహణి మింగేసింది. దాన్నే ఇంగ్లిషు వైద్యం స్ప్రూ అంటుంది. తిన్నది ఒంటపట్టక, మనిషి కళ్లముందే ఎండిపోయే జబ్బు. ఆ జబ్బు సుబ్బారావునూ పట్టింది, కానీ ఆయన బతికి బయటపడ్డాడు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారి, అక్కడ పరిశోధనలన్నింటికీ పెద్ద అయ్యాడు.

ఆయన నీడలోనే బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త ఊరూరి మట్టి తెప్పించి పరీక్షించేవాడు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి శాన్‌బార్న్ పొలం నుంచి, 23వ నంబరు మడిలోని మట్టి వచ్చింది. అందులోని ఒక సూక్ష్మజీవి గాజుపళ్లెంలో బంగారు రంగు తేలింది. దాని నుంచి తీసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. పేరులోనే బంగారం ఉంది. 1948 జూలైలో లోకానికి చాటారు. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయాడు. వయసు 53. బిడ్డ బారసాల చూశాడు గానీ నడక చూడలేదు.

అది నడవలేదు, పరుగెత్తింది. పెన్సిలిన్ ఎక్కువగా సూదితోనే ఎక్కే కాలంలో ఇది నోటితో మింగితే చాలు. 1950లో టెర్రామైసిన్ వచ్చింది. తరువాత లాయిడ్ కోనొవర్ ఆరియోమైసిన్‌నే కాస్త మార్చి టెట్రాసైక్లిన్ తయారుచేశాడు. 1967లో డాక్సీసైక్లిన్ వచ్చింది. ఈ వంశమంతటిదీ ఒకటే విద్య: క్రిమి తన ఒంటికి కావలసిన ప్రొటీన్లు వండుకునే పొయ్యి దగ్గర అడ్డంగా కూర్చుంటుంది. వంట ఆగితే క్రిమి పెరగదు. టైఫస్, న్యుమోనియా, కంటి ట్రకోమా అన్నింటి మీదా చెల్లుబాటైంది. గత్తరలో ప్రాణం నిలిపేది సెలైన్, ఉప్పు చక్కెర నీళ్లే అయినా, విరేచనాలను తొందరగా కట్టించింది ఇదే. సుబ్బారావు సోదరులను తీసుకుపోయిన ఆ స్ప్రూకి నేటికీ వైద్యులు రాసేవి రెండు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. మొదటిది సుబ్బారావు బృందం లెడర్లీలోనే తయారుచేసింది. రెండోది ఆరియోమైసిన్ వంశంలోదే.

ఇంత చేసిన మందు మన నుంచి అడిగింది చాలా తక్కువ. నాలుగు చిన్న మర్యాదలు. వాటిలో ఒక్కటీ మనం సరిగా జరపలేదు.

మొదటి మర్యాద నీళ్లు. నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో మింగాలి. కనీసం అరగంట నడుం వాల్చకూడదు. మనం పడుకోబోతూ గుక్కెడు నీళ్లతో వేసుకుని దిండు మీద తల పెడతాం. క్యాప్సూల్ అన్నవాహికలో అతుక్కుని అక్కడే కరిగి పుండు చేస్తుంది. తెల్లారి గుటక పడదు, రొమ్ములో మంట. గుండెపోటేమోనని ఇల్లంతా హడలిపోతుంది.

రెండోది పాలకు ఎడం. సికింద్రాబాద్‌లో గోలీ అంటే చాయ్‌తోనే. ఇరానీ హోటల్లో సాసర్‌లో చాయ్ పోసుకుని, జేబులోంచి క్యాప్సూల్ తీసి, ఉస్మానియా బిస్కెట్ ముక్కతో పాటు లోపలికి తోసేవాళ్లను ఎంతమందినో చూశాను. పాలలోని కాల్షియం టెట్రాసైక్లిన్‌ను కడుపులోనే పట్టేసి కట్టేస్తుంది. ఐరన్ గోలీ, గ్యాస్ మందు కూడా అంతే. మందు రక్తంలోకి ఎక్కకుండానే బయటికి పోతుంది. అందుకే టెట్రాసైక్లిన్ తిండికి గంట ముందో, రెండు గంటల తరువాతో వేసుకోమంటారు. డాక్సీసైక్లిన్ తిండిని, పాలను కొంత ఓర్చుకుంటుంది. ఐరన్‌ను మాత్రం ఓర్చుకోదు. ఈ వంశంలో ఏది మింగినా ఎండలో ఎక్కువసేపు తిరగొద్దు. చర్మం కమిలిపోతుంది.

మూడో మర్యాద పిల్లల జోలికి పోకపోవడం. ఎదిగే పన్నులోని కాల్షియంతో ఈ మందు కలిసిపోతుంది. మొదట పసుపు, వెలుగు తగిలేకొద్దీ గోధుమ రంగు. ఆ మచ్చ తోమితే పోదు. తియ్యటి సిరప్‌గా పసివాళ్లకు పోసిన తరం ఒకటి ఉంది. వాళ్లు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మన దగ్గర నల్లగొండ ఫ్లోరైడు పళ్లా, మందు పళ్లా అని పళ్ల డాక్టరు అడిగి తెలుసుకోవాల్సి వస్తుంది. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదన్న మాట అప్పటిది. స్క్రబ్ టైఫస్ వంటి ప్రాణాపాయంలో పిల్లలకు కొద్ది రోజులు డాక్సీసైక్లిన్ రాయాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాల్సిన లెక్క. మనది కాదు.

నాలుగోది గడువు. చాలా మందులు పాతబడితే బలం తగ్గుతాయి. ఇది పాతబడితే విషమూ కావచ్చు. వేడికి, చెమ్మకు చెడిపోయిన టెట్రాసైక్లిన్ మింగినవారి మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 1963లోనే వైద్యపత్రికలకెక్కింది.

ఈ నాలుగూ మింగినవాడి ఒంటికే తగిలే దెబ్బలు. మందును గద్దె దించింది వేరే. 1950లో లెడర్లీలోనే ఇంకో సంగతి బయటపడింది. ఆరియోమైసిన్ కలిపిన దాణా తిన్న కోళ్లు త్వరగా బరువెక్కుతున్నాయి. ప్రాణాలు నిలపడానికి పుట్టింది తట్టలకొద్దీ దాణాలో కలిసింది. సుబ్బారావు పోయి రెండేళ్లే.

ఇక మన వాటా. మెడికల్ షాపు కౌంటరు దగ్గర రోజూ వినపడే మాటలివి.

"అన్నా, మొన్నటి గోలీలే ఇంకో నాలుగియ్యి. జ్వరం తగ్గింది గానీ నీరసం పోలే."

"చీటీ ఉందా?"

"చీటీ ఎందుకన్నా? మొన్న నువ్వే ఇచ్చినవ్ గద."

అట్ట మీద ఎర్ర గీత ఉంటుంది. చీటీ లేకుండా అమ్మొద్దని, కొనొద్దని దాని అర్థం. 2016లో కేంద్రం ఆ గీత గురించి ఊరూరా చెప్పింది. గీత ఇవతల ఒకడు, అవతల ఒకడు, మధ్యలో నాలుగు గోలీలు.

సగంలో ఆపిన మందు, అక్కర్లేని జలుబుకు మింగిన మందు క్రిములకు పాఠం చెబుతుంది. అవి తమ ఒంటి గోడలో ఒక తోడుడు యంత్రం పెట్టుకున్నాయి. లోపలికి వచ్చిన టెట్రాసైక్లిన్‌ను వచ్చినట్టే బయటికి తోడిపోస్తాయి. ఆ యంత్రం నమూనాను పక్క క్రిములకూ పంచిపెడతాయి. 1977లో టాంజానియాలో గత్తర లేస్తే, ముందుజాగ్రత్తగా జనానికి విరివిగా టెట్రాసైక్లిన్ పంచారు. ఐదు నెలలు తిరిగేసరికి అక్కడి గత్తర క్రిముల్లో మూడొంతులు దానికి లొంగడం మానేశాయి. అప్పయ్య మొక్కిన రోజుల్లో లేని ఆయుధం చేతికి వచ్చి, ఆ చేతిలోనే మొద్దుబారింది.

ఇప్పుడు గత్తర వస్తే ఆ ఊరి క్రిమి దేనికి లొంగుతుందో చూసుకుని మందు రాస్తారు. టెట్రాసైక్లిన్ పేరు చెప్పగానే తలవంచే కాలం పోయింది. వంశంలో డాక్సీసైక్లిన్ మాత్రం ఇంకా కొలువు చేస్తోంది. పొదల్లో చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్‌కు నేటికీ మొదట రాసేది దాన్నే. 1897లో రొనాల్డ్ రాస్ మన బేగంపేటలో దోమ కడుపులో ఆచూకీ తీసిన మలేరియా తగలకుండా ప్రయాణికులు వేసుకునేదీ అదే. రాజ్యం పోయినా కోట గుమ్మం దగ్గర కాపలా కాసే ముసలి సర్దారులా ఉంది దాని బతుకు.

మొన్న ఇల్లు సర్దుతుంటే ఫ్రిజ్ మీది స్టీలు డబ్బాలో నా పాత అట్ట ఒకటి దొరికింది. షాపులో కత్తెరతో సగానికి కోసి ఇచ్చిన ముక్క. ఐదు గుంతల్లో రెండు చినిగి ఉన్నాయి. ఎక్స్‌పైరీ తేదీ రెండో సగంలో ఉండిపోయి ఎవరింటికో పోయింది. ఆ జ్వరం రెండో రోజే దిగింది, మిగతావి వేసుకోలేదు. గవాక్షంలోంచి వచ్చిన ఎండలో పట్టి చూశాను. క్యాప్సూల్ తొడుగు లోపల పొడి, పసుపు వన్నె ఇంకా వదల్లేదు.

మూడు గోలీలు. సుబ్బారావు సోదరులకు దొరకని మందు మా ఇంట్లో మిగిలిపోయింది.