బొగ్గుల కొట్టులో పుట్టిన పూటకూళ్ళ ఇల్లు

ఈరోజు పోస్టు కాస్త పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

పారిస్ వెళ్ళొచ్చిన మన పిల్లలు ఫోటోలు పెడుతుంటారు, చూసే ఉంటారు. వీధి మూల మీద చిన్న హోటలు, ఇరుకు ఇరుకు బల్లలు, వాటి మీద గళ్ళ గుడ్డ, గోడకి ఒక నల్ల పలక, దాని మీద సుద్దతో రాసిన కూరల పేర్లు. దాన్ని బిస్ట్రో అంటారు. ఫోటోలో చూస్తే షోకైన చోటులా కనబడుతుంది. కానీ పారిస్‌లో వీధి వీధినా దాన్ని నిలబెట్టినవాళ్ళలో ఎక్కువమంది సాగు గిట్టక కొండ ఊళ్ళు వదిలి, పొట్ట చేత పట్టుకుని వచ్చిన రైతు బిడ్డలు. ఆ కథ రైతులమైన మనకి బాగా అర్థమవుతుంది, అందుకే రాస్తున్నాను.

ముందు బిస్ట్రో అంటే ఏంటో చూద్దాం. మన పాత పూటకూళ్ళ ఇల్లు గుర్తు తెచ్చుకోండి, దానికి దగ్గరగా ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే జింకు రేకు తొడిగిన పొడుగాటి బల్ల. దాని వెనక యజమాని. పాతకాలంలో అయితే వంటింట్లో ఆయన భార్య. మధ్యాహ్నానికి 'ఈ పూట వంట' అని ఒకటి చేస్తారు, అదే పలక మీద రాస్తారు. భోజనంతో పాటు రొట్టె ముక్కలు, జగ్గు మంచినీళ్ళు ఇస్తారు, వాటికి డబ్బులు తీసుకోరు. వచ్చేది ఆ వీధి వాళ్ళే. మేస్త్రీ, పోస్టు బంట్రోతు, బడి పంతులు, ఒంటరి ముసలాయన, అందరూ మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చుని తింటారు. రోజూ వచ్చేవాళ్ళ తుండుగుడ్డలు దాచడానికి కొన్ని పాత హోటళ్ళలో నంబర్లు వేసిన సొరుగులు ఉండేవి. పారిస్‌లో 'పోలిదోర్' అనే పాత హోటల్లో ఆ సొరుగుల బీరువాని ఇప్పటికీ చూడొచ్చంట.

ఆ పలకకి ఇంకో అర్థం కూడా ఉంది. చేతిలో డబ్బుల్లేని వాడి బాకీ కూడా పలక మీదే రాసేవాళ్ళు. అందుకే ఫ్రెంచి భాషలో ఒకడికి 'పలక ఉంది' అంటే వాడు బాకీ ఉన్నాడని. మన ఊరి కిరాణా కొట్టులో ఖాతా లాగే అన్నమాట.

పేరు గురించి ఒక కథ బాగా తిరుగుతుంటుంది. 1814లో నెపోలియన్ ఓడిపోయాక రష్యా సైనికులు పారిస్‌లోకి వచ్చారు, వాళ్ళు కొట్ల ముందు నిలబడి తమ భాషలో 'బిస్ట్రో, బిస్ట్రో' అంటే 'త్వరగా, త్వరగా' అని అరిచేవాళ్ళు, దాంతో ఆ పేరు వచ్చింది అని. మోమార్త్ర్ గుట్ట మీద ఒక హోటలు గోడకి ఈ సంగతి రాసిన ఫలకం కూడా ఉంది. కానీ ఆ మాట అచ్చులో మొదటిసారి కనబడింది 1884లో. సైనికులు అరిచి వెళ్ళాక 70 ఏళ్ళ పాటు ఒక్కరూ రాయని మాట ఉన్నట్టుండి ఎక్కడినుంచి ఊడిపడుతుంది? అందుకే భాష చదివినవాళ్ళు ఈ కథని పెద్దగా నమ్మరు. మాట ఎక్కడ పుట్టినా, అది అచ్చెక్కిన ఆ రోజుల్లోనే ఆ కొట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. అదెందుకో చూద్దాం.

ఫ్రాన్సు మధ్యలో మాసిఫ్ సెంట్రల్ అని ఒక ఎత్తైన కొండ ప్రాంతం ఉంది. అందులో ఓవెర్న్, దాని పక్కనే అవేరోన్. రాతి నేల. చలికాలం మంచు కప్పేస్తుంది. పండేది రై అనే ముతక ధాన్యం. పల్లపు లోయల్లో చెస్ట్‌నట్ చెట్ల కాయలే పేదలకి తిండి, ఆ చెట్టుని 'రొట్టె చెట్టు' అనేవాళ్ళు. పైన బీళ్ళలో పశువులు. నెపోలియన్ కాలం నుంచి చట్టం పిల్లలందరికీ ఆస్తి సమానంగా పంచమంది. అయినా అవేరోన్‌లో చాలా ఇళ్ళల్లో పొలం ముక్కలు కాకూడదని ఒక్కడికే, ఎక్కువగా పెద్దకొడుక్కే, ఇల్లూ పొలమూ దక్కేలా చూసేవాళ్ళు. మరి మిగతావాళ్ళు? దారి పట్టాల్సిందే. రెండెకరాలు నలుగురికి పంచితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అలా పారిస్ చేరినవాళ్ళు మొదట పట్టిన పని నీళ్ళు మోయడం. అప్పట్లో అక్కడ ఇళ్ళకి కుళాయిల్లేవు. భుజాన పట్టీ వేసుకుని రెండు బకెట్ల నీళ్ళు ఐదో అంతస్తు దాకా మెట్లెక్కి పోసేవాళ్ళు. 1850ల తర్వాత పారిస్‌ని తిరగ కట్టినప్పుడు బెల్‌గ్రాన్ అనే ఇంజనీరు దూరం నుంచి ఊటల నీళ్ళు తెచ్చి గొట్టాలేశాడు. ఊరికి మంచిదే, కావిడి మోసేవాడి కూడు మాత్రం పోయింది.

వాళ్ళు వెనక్కి వెళ్ళలేదు. నీళ్ళు మోసిన భుజంతోనే కట్టెలు, బొగ్గు మోయడం మొదలెట్టారు. చలిదేశం, ప్రతి ఇంటికీ బొగ్గు కావాలి. వీధిలో చిన్న బొగ్గుల కొట్టు పెట్టుకున్నారు. మొగుడు బస్తా మోసుకుని ఇళ్ళకి వెళ్తే పెళ్ళాం కొట్లో ఉండేది. బొగ్గు చెప్పడానికి వచ్చినవాడికి ఒక గ్లాసు వైన్ పోసేది. తర్వాత పొయ్యి మీద ఉన్న ఇంటి కూరే ఒక గరిటె పెట్టి, రెండు డబ్బులు తీసుకునేది. కొట్టు ముందు బోర్డు 'వైన్, బొగ్గు'. ఒక పక్క మసి, ఇంకో పక్క గ్లాసులు. పారిస్ వాళ్ళు వీళ్ళ కొండ యాసని వెక్కిరిస్తూ 'బూన్యా' అని పేరు పెట్టారు. బొగ్గులమ్మేవాడు అనే మాటనీ, వాళ్ళ ప్రాంతం పేరునీ కలిపి చేసిన ఎగతాళి అది. చివరికి ఆ కొట్టుకీ అదే పేరు స్థిరపడింది.

1880 జులై 17న ఒక చట్టం వచ్చింది. అంతకుముందు వైన్ కొట్టు పెట్టాలంటే అధికారుల అనుమతి కావాలి. ఈ చట్టంతో మునిసిపల్ ఆఫీసులో ఒక కాగితం రాసిస్తే చాలైంది. ఇంకేముంది, బొగ్గు పక్కకి జరిగింది, బల్లలు ముందుకొచ్చాయి. నాలుగేళ్ళకి 'బిస్ట్రో' అనే మాట అచ్చెక్కింది. కొట్లు లేచిన కాలం, మాట అచ్చెక్కిన కాలం ఎలా కలిశాయో చూడండి.

ఈ మనుషులు ఊరిని వదిలారు గానీ ఊరితో తాడు తెంచుకోలేదు. 1882లో 'పారిస్‌లోని ఓవెర్న్ వాడు' అనే అర్థంతో తమ సొంత పత్రిక పెట్టుకున్నారు. ఎక్కడ కొట్టు అమ్మకానికుంది, ఎక్కడ కుర్రాడు కావాలి అన్నీ అందులో తెలిసేవి. ఊరినుంచి వచ్చిన పిల్లాడు ముందు మనవాళ్ళ కొట్లో గ్లాసులు కడిగేవాడు. నమ్మకం కుదిరాక వైన్, కాఫీ సరఫరా చేసే తమ ప్రాంతం వ్యాపారే అప్పిచ్చి కొట్టు పెట్టించేవాడు. సరుకు తన దగ్గరే కొనాలని షరతు. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా నిలబడ్డారు, కానీ పగలూ రాత్రీ అన్న తేడా లేకుండా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అరిగిపోయారు. మిగిలిన డబ్బుతో ఊళ్ళో పొలం, ఇల్లు కొనుక్కున్నారు.

వాళ్ళలో కొందరు పెద్దవాళ్ళయ్యారు. పారిస్‌లో పేరున్న 'లిప్' హోటల్ని 1920లో కొన్న మార్సెలాన్ కాజ్ అవేరోన్ వాడు. 'ఫ్లోర్' కాఫీ హోటల్ని 1939లో కొన్న పాల్ బూబాల్ కూడా ఆ కొండ ప్రాంతం మనిషే. ఇవి బిస్ట్రోల కన్నా పెద్ద హోటళ్ళు, నిజమే. అయితే ఒక ముచ్చట చెప్పాలి. రెండో యుద్ధంలో పారిస్ ఇళ్ళల్లో వెచ్చదనానికి బొగ్గు దొరకలేదు. బూబాల్ తన హోటల్లో మంచి పొయ్యి మండించేవాడు. సార్త్ర్, సిమోన్ ద బోవా లాంటి పెద్ద రచయితలు ఆ సెగ కోసం అక్కడే కూర్చుని రాసుకునేవాళ్ళు.

ఇప్పుడు ఒక చాకు గురించి. అవేరోన్‌లో లయోల్ అనే ఊరుంది. 19వ శతాబ్దంలో అక్కడ ఒక మడత చాకు తయారైంది. ముందు ఒక్క అలుగే. తర్వాత ఒక సూది లాంటి ఊచ చేర్చారు. పశువు పచ్చిమేత ఎక్కువ తిని కడుపు ఉబ్బితే డొక్కలో గుచ్చి గాలి తీయడానికి ఆ ఊచ పనికొచ్చేదని చెబుతారు. పశువులున్న వాళ్ళకి ఆ కంగారు తెలుసు. 1880 ప్రాంతంలో మూడోది చేర్చారు, సీసా బిరడా తీసే మర. పారిస్ వెళ్ళి హోటళ్ళలో పనిచేసే పిల్లల కోసం. పొలం, పశువు, బిస్ట్రో మూడూ ఒక్క పిడిలో ఉన్న చాకు అది. ఆ మనుషుల చరిత్ర మొత్తం అందులోనే ఉంది.

ఇక తిండి. బిస్ట్రో పలక మీద ఉండేదంతా పేదరైతు వంటే. 'పోతోఫ' అంటే 'పొయ్యి మీద కుండ' అని అర్థం. గట్టి మాంసం ముక్కలు, క్యారెట్లు, దుంపలు కలిపి గంటలకొద్దీ సన్నసెగ మీద ఉడికిస్తారు. లేత మాంసం డబ్బున్నవాడికి పోతే, మెడ, కాళ్ళు, తోక పేదవాడికి మిగిలాయి. వాటిని మెత్తబరిచేది ఓపిక ఒక్కటే. ఉప్పు పట్టించిన పంది మాంసంతో పచ్చ మసూరు పప్పు ఇంకొకటి. ఎవరి తిండి వాళ్ళది, దాని వెనక ఉన్న లెక్క చూడండి. ఎండిన రొట్టె పారేయకుండా ఉల్లిపాయ చారులో వేసి, పైన జున్ను పరిచి కాలుస్తారు. ఊరి మధ్య 'లే హాల్' అనే పెద్ద మార్కెట్టు ఉన్నన్నాళ్ళూ, తెల్లవారుజామున కూరగాయల బస్తాలు దించిన హమాలీలు పక్క బిస్ట్రోల్లో ఈ చారే తాగేవాళ్ళు. 1969లో ఆ మార్కెట్టుని ఊరి బయట రంజీస్‌కి తరలించారు.

1960లో ఫ్రాన్సులో ఇలాంటి కాఫీ కొట్లు, బిస్ట్రోలు దాదాపు 2 లక్షలు ఉండేవని లెక్క. ఇప్పుడు 40 వేలకి లోపే. అద్దెలు పెరిగాయి, పల్లెలు ఖాళీ అయ్యాయి, నిలబడి తినే బర్గర్ వచ్చింది, పిల్లలు తల్లిదండ్రుల్లా 16 గంటలు కొట్లో నిలబడమన్నారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. చాలా హోటళ్ళు ఫ్యాక్టరీలో వండి ప్యాక్ చేసిన కూరని వేడిచేసి పెట్టడం మొదలెట్టాయి. పలక అదే, సుద్ద అదే, కుండే లేదు. చివరికి 2014లో ప్రభుత్వం 'ఇక్కడే వండింది' అని తెలిపే ఒక గుర్తు తేవాల్సొచ్చింది. హోటల్లో వంట జరిగిందని చెప్పడానికి చట్టం కావాల్సొచ్చిందంటే సంగతి ఎందాకా వచ్చిందో అర్థం చేసుకోండి. ప్యాకెట్టు వస్తే వంటవాడి పని పోతుంది, వాడికి ఉల్లిపాయలు, దుంపలు అమ్మే దగ్గర్లోని రైతు బేరమూ పోతుంది. ఫ్యాక్టరీ ఎక్కడ చవకైతే అక్కడ కొంటుంది.

అటు ఊళ్ళో ఉండిపోయిన వాళ్ళ కథ కూడా చెప్పాలి. 1960 నాటికి లయోల్ చుట్టూ కొండ మీద జున్ను చేసే పని దాదాపు ఆగిపోయే స్థితి. అప్పుడు కొందరు కుర్ర రైతులు కలిసి 'జ్యున్ మొంతాన్', అంటే 'పడుచు కొండ', అనే సహకార సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది, 1961లో, లయోల్ జున్నుకి మూలస్థాన గుర్తింపు వచ్చింది. మన బంగినపల్లి మామిడికి 2017లో వచ్చిన జీఐ లాంటిది. పచ్చి జున్నుని బంగాళదుంప ముద్దలో కలిపి, తాడులా సాగేదాకా తిప్పి చేసే 'అలిగో' వాళ్ళ ఊరి వంట. అది పారిస్ బిస్ట్రోల్లో పలకలెక్కింది. ప్యుయి ఊరి పచ్చ పప్పుకి కూడా 1996లో అలాంటి గుర్తింపే వచ్చింది. పలక మీద కూర పేరుతో పాటు ఊరి పేరు కూడా ఉంటే, ఆ ఊరి రైతుకి బేరమాడే బలం వస్తుంది. నాకు ఈ చరిత్రంతటిలో ముఖ్యంగా కనబడింది ఇదే.

బిస్ట్రో ఇంకా బతికే ఉంది, మనుషులు మారారు. ఓవెర్న్ వాళ్ళ తర్వాత అల్జీరియా కొండల నుంచి వచ్చిన కబీల్ జనం చాలా కొట్లు తీసుకున్నారు. ఇప్పుడు చైనా నుంచి వచ్చిన కుటుంబాలు తీసుకుంటున్నాయి. పారిస్ హోటళ్ళ వంటిళ్ళలో శ్రీలంక తమిళులు, మాలి దేశం వాళ్ళు ఎంతోమంది కుండలు తోముతున్నారు, ఫ్రెంచి కూరలు వండుతున్నారు. 2024లో ఫ్రాన్సు ప్రభుత్వం బిస్ట్రోల్లోని జీవనాన్ని దేశ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకప్పుడు యాసని వెక్కిరించి 'బూన్యా' అన్న ఊరే, ఆ బూన్యా కొట్లని ఈరోజు మా వారసత్వం అంటోంది.

మీ పిల్లలెవరైనా ఆ దేశంలో ఉంటే, ఈసారి బిస్ట్రోలో కూర్చున్నప్పుడు పలక మీద ఏ ఊరి పేరుందో చూసి చెప్పమనండి. మనం కూడా ఇక్కడ హోటల్లో కూర్చున్నప్పుడు ఈ బియ్యం ఎక్కడివి, ఈ పప్పు ఎవరిది అని ఒక మాట అడుగుదాం. అడిగేవాళ్ళు నలుగురైతే, చెప్పడానికి హోటలు యజమాని కూడా తెలుసుకుని ఉంటాడు.