చేవెళ్ల దారి, మొయినాబాద్ జనం

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు నడిచింది. తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి మీదుగా వచ్చిన ఆ లైను చేవెళ్లనూ, మొయినాబాద్‌నూ తాకలేదు. నేటికీ ఈ రెండు చోట్లా రైల్వే స్టేషన్ లేదు. అందుకే ఇక్కడి ఊళ్ల రాకపోకలన్నీ హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు మీదే. జనం ఎందుకు పెరిగారో, ఎందుకు పెరగలేదో తెలియాలంటే ఈ రోడ్డునూ, దాని పక్కనున్న రెండు జలాశయాలనూ కలిపి చూడాలి.

నిజాం రాజ్యంలో 1932లో రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. 1958లో అది ఆర్టీసీ అయింది. చేవెళ్ల రైతుకు బస్సంటే హైదరాబాద్‌లోని మెహదీపట్నం బస్సే. అక్కడ రైతుబజారు, పక్కనే గుడిమల్కాపూర్ పూల మార్కెట్. పొద్దు పొడవకముందే పూల మూటలు, కూరగాయల గంపలు పట్నం చేరాలి. మెయిన్ రోడ్డుకు దూరంగా ఉన్న ఊళ్ల వాళ్లకు గేటు దాకా, అంటే ఊరి దారి మెయిన్ రోడ్డులో కలిసే చోటు దాకా, నడకో, షేర్ ఆటోనో తప్పదు. ఊరికి బస్సు ఉంది అని రికార్డుల్లో రాసుకున్నంత మాత్రాన ఆ బస్సు ఏ వేళకు వస్తుందో, రోజుకు ఎన్నిసార్లు వస్తుందో తెలియదు. పై చదువుకు వెళ్లే ఆడపిల్లకు కావాల్సింది ఆ సంగతే. 2023 డిసెంబరు నుంచి మహిళలకు టికెట్ లేదు సరే, బస్సు రావాలి కదా.

ఇక జలాశయాల సంగతి. 1908 మూసీ వరద తర్వాత పట్నాన్ని కాపాడటానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొయినాబాద్ ఆ రెండింటి నడుమ ఉంది. వాటిని కాపాడాలని 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద కట్టడాలు నిషిద్ధమయ్యాయి. 1991లో పాతిక లక్షలున్న రంగారెడ్డి జిల్లా జనాభా 2011 నాటికి 52.97 లక్షలకు చేరింది. ఆ పెరుగుదలలో పెద్ద భాగం కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఎల్బీనగర్ వంటి చోట్లదే. జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి సొంత ప్రాంతమైన మొయినాబాద్ మాత్రం పొలాలతోనే మిగిలింది. నా దృష్టిలో ఆ జీవో మంచిదే. పట్నం దాహం తీర్చిన నీళ్లవి. కానీ దాని భారమంతా ఈ రైతుల మీదే వేశారు. పైగా ఆంక్షలున్న కాలంలోనే ఫామ్‌హౌస్‌లు లేచాయి, కాలేజీలు వెలిశాయి, చిలుకూరు బాలాజీకి జనం పోటెత్తారు. ఇలా వచ్చిపోయేవాళ్లెవరూ ఇక్కడి జనాభా లెక్కలోకి రారు, రోడ్డు మీద మాత్రం ఉంటారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలను ఎత్తేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది.

బీజాపూర్ రోడ్డేమో పాతదిగానే ఉండిపోయింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లను నాలుగు వరుసలు చేయాలనుకున్నారు. అయితే దారికి ఇరుపక్కలా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు అప్పటికి ఉన్నాయి. వాటి కోసం పర్యావరణప్రేమికులు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. 2024 డిసెంబరులో ఆలూరు గేటు దగ్గర కూరగాయలు అమ్ముకుంటున్న వాళ్ల మీదికి లారీ దూసుకొచ్చి ప్రాణాలు తీసింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర తాండూరు బస్సును కంకర టిప్పర్ ఢీకొంది. కంకరంతా ప్రయాణికుల మీద పడింది, 19 మంది చనిపోయారు. తప్పు చెట్లదని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. చెట్లను ఉంచి పక్క నుంచి రెండో దారి వేసే ఉపాయాన్ని మొదటి రోజునే ఆలోచించాల్సింది.

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. అంటే ఏ ఊళ్లో ఎందరున్నారో చెప్పే చివరి జనగణన 2011 నాటిదే. ఆ తర్వాతి రద్దీకి, ఆ తర్వాతి చావులకు సరిపోయే జనగణన లెక్క అధికారుల దగ్గర లేదు. 2025లో చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలయ్యాయి. 2027 జనగణనలో ఇక్కడి కొన్ని పల్లెలు వార్డులుగా లెక్కకెక్కుతాయి. అప్పుడైనా ఇంటింటికీ తిరిగి సేకరించే ఆ సమాచారాన్ని ముందుపెట్టుకుని ఏ గేటు దగ్గర ఎన్ని బస్సులు ఆగాలో ఆర్టీసీ నిర్ణయించాలి.